మ్యాచింగ్ సెంటర్ పైన గది

మొన్న హుజూర్‌నగర్‌లో ఒక జ్ఞాపక కూడికకు వెళ్లాను. చనిపోయినామెకు దగ్గరి చుట్టాలు చాలా తక్కువ. ఒక అక్క, ఆ అక్క కొడుకు, పాతకాలపు స్నేహితులు కొందరు. అయినా షామియానా కింద కుర్చీలు చాలలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొగుడూపెళ్లాలు. సూర్యాపేట నుంచి, కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి వచ్చారు. ఒకరినొకరు పలకరించుకోలేదు. పాటల పుస్తకంలోకో, షామియానా గుంజల వైపో చూస్తూ కూర్చున్నారు.

ఆ ముసలి అక్క కుర్చీల మధ్య తిరుగుతూ కనబడ్డవాళ్లనల్లా అడుగుతోంది. "మా చెల్లె మీకెట్ల తెలుసు?"

"బస్సుల పరిచయం అమ్మా."

"మేం గూడ బస్సులనే."

"జాకెట్ ముక్కలు కొనంగ కలిసినం."

"గింతమందితోని అదెప్పుడు బస్సెక్కింది, ఎప్పుడు జాకెట్లు కుట్టించుకున్నది" అని ఆమె తనలో తాను అనుకుంటూ ముందుకు పోయింది.

పత్రికలో ఇన్నేళ్లు పనిచేసినవాడికి అబద్ధం చెవిన పడగానే తెలుస్తుంది. అక్కడ వినబడ్డవన్నీ అబద్ధాలే. చనిపోయినామె స్వయంగా నేర్పినవి. వాటి మధ్య ఒకే ఒక్క మనిషి నిజం చెప్పింది. ఆమె నా చెల్లెలు. ఆ నిజం చెప్పడం దానికి అది మొదటిసారి కాదు. మొదటిసారి చెప్పినప్పుడు కూడా నేను పక్కనే ఉన్నాను.

పోయినామె పేరు ఇక్కడ రాయను. తన దగ్గరికి వచ్చినవాళ్ల పేర్లు ఆమె ఎక్కడా బయటపెట్టలేదు. అందరూ మేడం అనేవారు, అది చాలు. పిల్లల కోసం దవాఖానల చుట్టూ తిరిగి తిరిగి మనసు చెదిరినవాళ్లు, బాగా బరువు తగ్గి అద్దంలో మనిషిని గుర్తుపట్టలేనివాళ్లు ఆమె దగ్గరికి వచ్చేవారు. కూర్చోబెట్టి మాట్లాడించడం ఆమె పని. దానికి చదువు ఉంది, పట్నంలో పెద్ద దవాఖానలో చేసిన అనుభవం ఉంది. బోర్డు మాత్రం లేదు.

ఉండేది హుజూర్‌నగర్‌లో. సోమవారం సూర్యాపేట, గురువారం కోదాడ, శనివారం మిర్యాలగూడ. సూర్యాపేటలో కళ్లద్దాల షాపు వెనక గది. కోదాడలో జిరాక్స్ సెంటర్ పక్క సందులో. మిర్యాలగూడలో మ్యాచింగ్ సెంటర్ పైన. చిత్రమేమిటంటే, సొంతూరి గదికి ఎవరూ వెళ్లేవారు కాదు. సూర్యాపేటవాళ్లు కోదాడ పోయేవారు, కోదాడవాళ్లు మిర్యాలగూడ పోయేవారు, మిర్యాలగూడవాళ్లు సూర్యాపేట బస్సెక్కేవారు. "అందుకే మూడూర్లు పెట్టుకున్న. ఒక్క ఊర్లనే కూసుంటే ఒక్కరు గూడ రారు" అనేవారు మేడం.

మిర్యాలగూడ గది అంటే ఆమెకు ఎక్కువ ఇష్టం. వచ్చినవాళ్లు దిగి వెళ్లేటప్పుడు చెప్పేవారు. "కింద ఒక జాకెట్ ముక్క కొనుక్కోని పో. ఇంటికాడ ఎటు పోయినవ్ అంటే చూపియ్యడానికి ఉంటది." మ్యాచింగ్ సెంటర్ యజమానికి ఈ సంగతి తెలియదు. శనివారం తనకు కలిసొస్తుందని నమ్మి, ఆ రోజు గల్లాపెట్టెకు అదనంగా రెండు అగరుబత్తులు వెలిగించేవాడు.

ఇంకో నియమం ఉండేది. "బయట కనవడితే నన్ను గుర్తువట్టకు. నేను గూడ గుర్తువట్ట. నువ్వు పలకరిస్తెనే నేను పలుకుత." బస్సులో తన దగ్గరికి వచ్చే మనిషి ఎదురుపడితే ఆమె చూపు కిటికీ బయట పొలాల మీదికి పోయేది. ఎవరో కొత్తవాళ్లను చూసినట్టు కూడా చూసేవారు కాదు. ఆ పొలాల్లో ఏదో పోగొట్టుకున్నట్టు వెతుకుతూ కూర్చునేవారు.

మా వైపు పెద్దవాళ్లు ఏ ఆడపిల్లనైనా బిడ్డా అనే పిలుస్తారు. మేడం ఆ పిలుపు మానుకున్నారు. పేరు పెట్టో, అమ్మాయ్ అనో పిలిచేవారు. కారణం ఎప్పుడూ చెప్పలేదు. నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

ఇక ఆమె చేతి సంచి. అందులో కూరగాయలుండేవి. చిక్కుడుకాయో, గోరుచిక్కుడో, పుంటికూరో. ఎదురుగా కూర్చున్న మనిషి ముందు ఒక పేపరు పరిచి, కుప్ప పోసి, "ఈనెలు తియ్యి" అనేవారు. తానూ తీసేవారు. మనుషుల కళ్లలోకి చూస్తూ ఇలాంటి మాటలు చెప్పుకోలేరని, చేతులకు పనుంటే నోరు దానంతటదే తెరుచుకుంటుందని ఆమె లెక్క. సాయంత్రానికి ఆమె ఇంటికి కూర తయారు.

మీకు పిల్లలున్నారా అని ఎవరో ఒకసారి అడిగితే, "నా సంగతి మొదలువెడితే ఈ గంట నాదైతది. మీ గంట నేనెందుకు గుంజుకోవాలె" అన్నారట. ఆ జవాబుకు మళ్లీ ప్రశ్న వేసినవాళ్లు లేరు.

మా చెల్లెను కోదాడకు ఇచ్చాం. బావకు ఎరువుల దుకాణం. చెల్లె ఒళ్లున్న మనిషి. పెద్దగా నవ్వేది, పెద్దగా కొట్లాడేది. పిల్లలు కాకపోతే డాక్టరమ్మ, ముందు బరువు తగ్గితేనే చికిత్స అన్నది. చెల్లె పట్టుబట్టింది. తెల్లవారకముందే కాలేజీ గ్రౌండు చుట్టూ నడిచింది. అన్నం మానేసింది. జావ తాగింది, జొన్నరొట్టె తిన్నది. ఏడాది తిరిగేసరికి మనిషి సగమైంది. అప్పుడు చికిత్స చేశారు. నిలవలేదు. మళ్లీ చేశారు. అదీ నిలవలేదు.

ఊళ్లోవాళ్లు రెండు రకాలుగా పలకరించేవారు. "ఏం రోగమే గిట్ల ఎండిపోయినవ్, షుగరా?" అని కొందరు. "ఇప్పుడు మంచిగున్నవ్ సూడు, జర మాకు గూడ చెప్పరాదు" అని కొందరు. ఏది ఎక్కువ నొప్పో చెల్లె తేల్చుకోలేకపోయింది.

ఒకరోజు సంచి పట్టుకుని సూర్యాపేటలో మా ఇంటికొచ్చింది. వంటింట్లో నా భార్య పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ చెప్పింది. "ఆయనకు ఇంకో పెళ్లి చేసుకోమని చెప్పొచ్చిన అన్నా. నేను పక్కకు జరుగుత."

"ఏమైందే?"

"పిల్ల కోసం దించిన ఒళ్లు ఇది. పిల్ల రాలేదు. ఇగ ఈ ఒళ్లెవరికి?"

తెలిసిన డాక్టరు ఒకాయన మేడం సంగతి చెప్పాడు. సూర్యాపేటలోనే ఉంటారు గదా, సోమవారం పోదాం అన్నాను. "ఈడ వద్దు" అంది చెల్లె. అలా శనివారం మిర్యాలగూడ బస్సెక్కాం.

గదిలోకి అడుగుపెట్టగానే మేడం నన్ను చూశారు. "అన్నవా? కూసో, నీకు గూడ పనుంది" అని నా ముందు గోరుచిక్కుళ్లు పోశారు. కాసేపు తీశాక, నా ఉద్యోగం అడిగి తెలుసుకుని, "పేపరోళ్లకు వినుడు అలవాటు. ఇగ కిందికి పో" అన్నారు. ఆ తర్వాత లోపల జరిగినవి చెల్లె బస్సులో చెప్పినవే. అది చదివి సరే అన్నాకే ఇవి రాస్తున్నాను.

చెల్లె డాక్టరు కాగితాల కట్ట తీసుకుపోయింది. మేడం అవి ముట్టుకోలేదు.

"జాకెట్లు ఎక్కడ కుట్టిస్తున్నవ్?"

చెల్లె తెల్లబోయింది. "కుట్టిస్తలేను."

"మరి ఇదేంది?"

పాత జాకెట్‌కు వెనక పిన్నీసులు పెట్టుకుని, పైట భుజాల చుట్టూ కప్పుకుని తిరుగుతోంది చెల్లె. ఒళ్లు తగ్గి అంతకాలమైనా ఒక్క జాకెట్ కుట్టించుకోలేదు. కొత్త జాకెట్ కావాలంటే టైలర్‌కు కొలత కోసం పాతదొకటి ఇస్తారు. దాన్ని ఆది అంటారు. చెల్లె దగ్గరున్న ఆది పాత ఒంటిది. కొత్తగా కొలతలివ్వాలంటే టేపు ముందు నిలబడి చేతులెత్తాలి. అది దానివల్ల కాలేదు.

మేడం ఆ రోజు అంతకుమించి అడగలేదు. దిగేటప్పుడు చెల్లె ఒక ముక్క కొన్నది. తర్వాతి శనివారం ఇంకొకటి. మా ఇంట్లో అల్మారా నిండా కుట్టని జాకెట్ ముక్కలు పేరుకున్నాయి.

ఈలోపు నిడమనూరు నుంచి అమ్మ ఫోన్ చేసింది. పెళ్లై బేసి సంవత్సరం నడుస్తోంది, చెల్లెకు ఒడిబియ్యం పోయాలి అన్నది.

"పిల్లలు లేనిదానికి ఎందుకమ్మా ఒడిబియ్యం" అంది చెల్లె.

"నీకు లేకపోతే ఏంది, నాకు నువ్వున్నవ్ గదనే. నా పిల్లకు నేను పోసుకుంట."

ఆ మాటకు చెల్లె కాదనలేకపోయింది. అమ్మా నా భార్యా కలిసి, చెప్పకుండా చీర తెచ్చారు, జాకెట్ కుట్టించారు. చెల్లెకు సంతోషంగా ఉంటుందనుకున్నారు. కొలతకు అమ్మ తన పెట్టెలో భద్రంగా దాచిన ఆది ఇచ్చారు. పెళ్లైన కొత్తలోది. అది ఇప్పుడు వదులవుతుందని ఇద్దరికీ తట్టలేదు. కూతురి కొలత అంటే అమ్మకు అదే.

ఆ రోజు నిడమనూరులో చెల్లె లోపలికి పోయి జాకెట్ తొడుక్కుని బయటికొచ్చింది. భుజాలు జారుతున్నాయి. చంకల కింద గాలి సంచిలా ఉబ్బింది. అమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పేరంటానికి వచ్చినవాళ్లు వెనక గుంజి పిన్నీసులు పెడుతుంటే, "పోనీలే, మళ్ల ఒళ్లొస్తది" అని ఒకామె ఓదార్చింది. చెల్లె తల వంచుకుని పీట మీద కూర్చుంది. పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోశారు.

లేచేముందు ఆ బియ్యంలోంచి కొన్ని పిడికిళ్లు పుట్టింట్లో విడిచి, మిగతాది ఒడిలో కట్టుకుని అత్తగారింటికి పోవాలి. అక్కడ వండి నలుగురికి పెట్టాలి. చెల్లె పిడికిలి పట్టలేదు. కొంగు విప్పి మొత్తం బియ్యం చేటలోకి వంచేసింది. గింజ మిగల్చలేదు. కోదాడకు పోదని అందరికీ అర్థమైంది.

తర్వాతి శనివారం మేడం అంతా విని, "ఆ జాకెట్ ఉన్నదా?" అన్నారు. చెల్లె సంచిలోనే ఉంది, ఎక్కడైనా పారేద్దామని తెచ్చింది. మేడం దాన్ని బల్ల మీద పరిచి, ముడతలు సవరించారు.

"ఈమె ఎట్లుండేది?"

"లావుగ."

"అది నాకు కనవడుతనే ఉన్నది. మనిషి ఎట్లుండేది?"

చెల్లె ఇంకో గుప్పెడు చిక్కుడుకాయలు ముందుకు లాక్కుంది. తర్వాత మెల్లగా చెప్పింది. మామ బాత్రూంలో జారిపడితే ఆమె ఒక్కతే లేపి మంచం మీద పడుకోబెట్టింది. బతుకమ్మ ఆడితే అందరూ కూలబడ్డాక కూడా ఆమె చప్పట్లు ఆగేవి కాదు. పెళ్లిళ్లలో వడ్డన ఆమె చేతికిస్తే ఎవరి విస్తరీ ఖాళీగా ఉండేది కాదు. నవ్వితే పక్క సందులోకి వినబడేది.

"మంచిదే గదా. ఎందుకు ఎల్లగొట్టినవ్?"

"పిల్లల కోసం."

"పిల్లలు రాలేదు. ఈమె గూడ పాయె. నీకు ఇద్దరు పోయిన్రు అమ్మాయ్. నువ్వు ఒక్కరి కోసమే ఏడుస్తున్నవ్."

అప్పుడు ఏడ్చిందట చెల్లె. మా ఇంటికి వచ్చినప్పటినుంచి దాని కళ్లలో నీళ్లు చూడలేదు నేను. ఆ జాకెట్ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చి, ముక్కు చీది, పేపరు మీది కాయల వైపు చూసి, "నా ఏడుపంత మీ కూరల వడ్డది మేడం" అందట.

"ఏం గాదు. ఇయ్యాల ఉప్పు తక్కువేసుకుంట" అన్నారట మేడం, చెయ్యి ఆపకుండానే.

ఆ జాకెట్ పారేయనివ్వలేదు. మడతపెట్టి చెల్లె సంచిలోనే పెట్టారు. "ఈమెను గూడ తీస్కపో. కానీ ఆదికి మాత్రం ఇయ్యకు."

కొన్నాళ్లకు బావను రమ్మన్నారు. దుకాణం మూసి కోదాడ నుంచి వచ్చాడు. ఎరువుల వాసనతోనే మెట్లెక్కాడు. ఆయన ముందూ చిక్కుడుకాయలు పోశారు. ఈనెలతో సహా తుంచి పడేస్తుంటే చెల్లె ఆ ముక్కలన్నీ తన వైపు లాక్కుని మళ్లీ తీసుకుంటూ పోయింది.

"ఇంకో పెళ్లి సంగతి ఏమనుకున్నవ్?" అన్నారు మేడం.

"నన్ను అడిగిందెవరు మేడం? ఆమే అనుకుంది, ఆమే చెప్పింది, ఆమే సంచి సర్దుకుంది. నేను దుకాణం నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది."

"నీకేమనిపించింది మరి?"

బావ కాయను విరవకుండా చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "లావుగున్నప్పుడు రోజూ కొట్లాడేది. తగ్గినాక కొట్లాడడం మానేసింది. ఏమన్నా సరేనండీ అంటుంది. నాకు భయమేసింది మేడం. ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు."

"ఇప్పుడు కొట్లాడాల్నా నీతోని?" అంది చెల్లె.

"కొట్లాడు."

"నేనొచ్చినంక నెల దాకా ఒక్క ఫోన్ చెయ్యలే నువ్వు. సిగ్గు లేదా?"

"చేస్తే ఎత్తావా?"

"ఎత్తకపోతే బస్సులు లేవా?"

"కింద చేసుకోండి ఇగ. నాకింకొకరు వస్తున్నరు" అని మేడం ఇద్దరినీ పంపించేశారు. మ్యాచింగ్ సెంటర్ ముందు, రంగురంగుల గుడ్డల మధ్య, మా చెల్లె గొంతు చాలా రోజుల తర్వాత పెద్దగా వినబడింది. యజమాని అగరుబత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అంత మాత్రాన చెల్లె ఆ రోజే కోదాడ పోలేదు. మేడం కూడా పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు. ఆ విషయంలో ఆమె మాట ఎప్పుడూ దొరకదు. ఇంకొన్ని శనివారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను కింద చాయ్ తాగుతుంటే, చెల్లె మెట్లు దిగి నా వైపు రాకుండా మ్యాచింగ్ సెంటర్ పక్కనున్న లేడీస్ టైలర్ దగ్గరికి పోయింది. తెర వెనక నుంచి టైలరమ్మ గొంతు వినబడింది.

"ఆది తెచ్చినవా అక్కా?"

"లేదు. కొలతలు తీస్కో."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒకే మాట అంది. "టేపు సల్లగున్నది అన్నా."

జాకెట్ చేతికొచ్చాక నిడమనూరు పోయి, "నా బియ్యం ఏవమ్మా?" అని అడిగింది. అమ్మ ఆ బియ్యం వండనివ్వలేదు. డబ్బాలో పోసి, మూతకు గుడ్డ కట్టి దాచింది. చెల్లె కొన్ని పిడికిళ్లు తీసి ఇంట్లో విడిచి, మిగతాది ఒడిలో కట్టుకుంది. కోదాడలో వండి సందులోవాళ్లకు పెట్టింది. చెల్లెకూ బావకూ పిల్లలు కాలేదు. ఆ తర్వాత చికిత్స మానుకున్నారు. కొట్లాటలు మాత్రం మానలేదు.

నేను చెప్పదలచుకున్న రోజు ఇంకో ఏడాదికి వచ్చింది. అమ్మను చూడ్డానికి నేనూ చెల్లే కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కాం. మా ముందు సీట్లో చెల్లె సందులోని పెద్దామె ఒకామె. ఎక్కినప్పటినుంచీ వెనక్కి తిరిగే ఉంది.

"ఎటు పోతున్నవే?"

"అమ్మ కాడికి."

"ఒళ్లు ఇంకా తగ్గినట్టున్నవ్. దవాఖానల సూపిచ్చుకున్నవా లేదా?"

చెల్లె నవ్వింది. హుజూర్‌నగర్‌లో బస్సు ఆగింది. జనం ఎక్కారు. వాళ్లలో మేడం. చేతిలో అదే సంచి, అందులోంచి చిక్కుడుకాయలు తొంగిచూస్తున్నాయి. సీటు దొరకలేదు. మా వరుస దాకా వచ్చి కడ్డీ పట్టుకున్నారు. చెల్లెను చూశారు. వెంటనే చూపు కిటికీ బయటికి, పొలాల్లోకి పోయింది. నియమం ప్రకారం నేనూ కిటికీ వైపు తిరిగాను.

"మేడం" అని పిలిచింది చెల్లె.

మేడం పలకలేదు. బస్సు మోతలో వినబడలేదేమో అనుకున్నాను. వినబడింది. ఆమె కడ్డీని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. మనిషికి వెనక్కి తగ్గడానికి కొంచెం సమయం ఇస్తున్నారని నాకనిపించింది.

"మేడం, ఈడ కూసోండి. జరుగు అన్నా."

ముందు సీటు పెద్దామె పూర్తిగా తిరిగింది. "ఎవలే ఈమె?"

చెల్లె పైట సర్దుకుంది. దాని ఒంటి మీద మిర్యాలగూడ ముక్కతో కుట్టిన జాకెట్ ఉంది. పిన్నీసుల్లేవు.

"నాకు పిల్లలు కాలేదు గదా పెద్దమ్మా. ఒళ్లు తగ్గినంక మనసు మంచిగ లేకుండె. ఆయన్ను గూడ ఇడిసిపెడదామనుకున్న. అప్పుడు ఈమె కాడికి పోయిన. మిర్యాలగూడకు, శనివారం శనివారం."

పక్క సీట్లవాళ్లు మాటలాపారు. కండక్టర్ టికెట్ టికెట్ అంటూ వచ్చి, ఎందుకు నిశ్శబ్దంగా ఉందో తెలియక మమ్మల్ని దాటిపోయాడు. నేను లేచాను. మేడం కూర్చున్నారు. అన్నిటికీ మాట సిద్ధంగా ఉండే మనిషికి ఆ రోజు మాట తడబడింది.

"మంచిగున్నవా బిడ్డా" అన్నారు చివరికి.

"మంచిగున్న."

సంచి తీసి చెల్లె ఒడిలో పెట్టారు. "ఊకెనే కూసుంటవా? ఈనెలు తియ్యి."

ఇద్దరూ మొదలుపెట్టారు. నేరేడుచర్ల దాటింది. ముందు సీటు పెద్దామె రెండుమూడుసార్లు వెనక్కి తిరిగింది, మళ్లీ ముందుకు తిరిగింది. చివరికి చెయ్యి చాపి, ఒక గుప్పెడు చిక్కుడుకాయలు తన కొంగులోకి తీసుకుంది. ఈనె తీస్తూ, కాయ వైపే చూస్తూ, గొంతు తగ్గించి అడిగింది.

"మా కోడలు... అది గదిలకెల్లి బయటికొస్తలేదమ్మా. మీరు కోదాడల ఏ రోజు ఉంటరు?"

"గురువారం ఉంట. కానీ మీరు మిర్యాలగూడకు తోలుకరాండ్రి" అన్నారు మేడం. "కింద జాకెట్ ముక్కలు మంచివి దొరుకుతయ్."